మందుల చీటీ: అప్పుతో పాటు అంటగట్టిన ఇన్సూరెన్సు



కిందటి నెల ఈ పేజీలో నడుమునొప్పి గురించి రాశాను. దానికి మూడు ఉత్తరాలు వచ్చాయి. రెండింటిలో ఎలాంటి పరుపు కొనుక్కోవాలని అడిగారు. మూడోది మన సంఘ సభ్యురాలైన ఒక సోదరి రాసినది. దాని సారాంశం ఇది: "మా వారు 2008లో నడుము పట్టేసి మూడు నెలలు ఇంట్లో ఉండిపోయారు. కారు అప్పు తీసుకున్నప్పుడు, జబ్బు చేస్తే వాయిదాలు వాళ్ళే కడతారని చెప్పి ఇన్సూరెన్సు కూడా రాయించారు. తీరా అడిగితే నడుమునొప్పి అందులోకి రాదన్నారు. అప్పు 2011లో తీరిపోయింది. మేము కట్టిన ఆ ఇన్సూరెన్సు డబ్బు ఇప్పుడైనా అడగవచ్చునా?"

ఇది డాక్టరును అడగవలసిన ప్రశ్న కాదని కొందరు అనవచ్చు. కాని జబ్బు సెలవు చీటీ రాసేది మేమే. ఇన్సూరెన్సు కంపెనీ పంపే ఫారాలు నింపేదీ మేమే. ఆ కాగితాలు పట్టుకు వెళ్ళిన మనిషి ఉత్త చేతులతో తిరిగి వచ్చి మా ఎదురుగా కూర్చుంటే చూసేదీ మేమే. అందుచేత ఈ నెలకు మందులు పక్కన పెట్టి ఈ సంగతి రాస్తున్నాను. నేను లాయరును కాను గనక, ఎవరైనా కోర్టుకు వెళ్ళదలిస్తే ముందు సిటిజన్స్ అడ్వైస్ వారినో, ఒక లాయరునో సంప్రదించాలని ముందే మనవి చేస్తున్నాను.

ఈ ఇన్సూరెన్సు పేరు పేమెంట్ ప్రొటెక్షన్ ఇన్సూరెన్సు. అందరూ పీపీఐ అంటారు. అప్పు తీసుకున్న మనిషికి జబ్బు చేసినా, దెబ్బ తగిలినా, ఉద్యోగం పోయినా కొన్నాళ్ళపాటు వాయిదాలు కట్టటం దీని పని. ఆలోచన మంచిదే. ఇల్లు గడిపే ఒక్క మనిషి మంచం పడితే వాయిదా ఎవరు కడతారన్న భయం మనకందరికీ ఉన్నదే. ఆ భయాన్నే సరుకుగా చేసి అమ్మారు. ఈ దేశంలో, ముఖ్యంగా 1990కీ 2010కీ మధ్య, ఇలాంటి పాలసీలు కోట్ల సంఖ్యలో అమ్ముడుపోయాయి. పర్సనల్ లోనుతో, క్రెడిట్ కార్డుతో, ఇంటి అప్పుతో, చివరకు సోఫా కొన్న షాపు వాళ్ళ కార్డుతో కూడా ఇది వచ్చేది. చాలామందికి అడగకుండానే వచ్చింది. "ఇది తీసుకుంటే అప్పు త్వరగా మంజూరవుతుంది" అని కొందరికి చెప్పారు. కొందరి ఫారంలో ఆ గడిలో టిక్కు ముందే పెట్టి ఉండేది.

ఇందులో రెండు దోషాలు ఉండేవి.

మొదటిది, అవసరం లేనివాళ్ళకూ, అక్కరకు రానివాళ్ళకూ అమ్మటం. సొంత వ్యాపారం చేసుకునేవాళ్ళకు, రిటైరైనవాళ్ళకు, అంతకుముందే జబ్బు ఉన్నవాళ్ళకు చాలా పాలసీలలో పూర్తి రక్షణ ఉండేది కాదు. నడుమునొప్పీ, మానసిక ఒత్తిడీ ఎన్నో పాలసీలలో మినహాయింపుల జాబితాలో ఉండేవి, లేదా కఠినమైన షరతులతో ఉండేవి. మనుషులు ఎక్కువ రోజులు పనికి వెళ్ళలేకపోవటానికి నేను చీటీ రాసే కారణాలలో ముందుండేవి సరిగ్గా ఆ రెండే. వాటిని తీసేసి జబ్బుకు ఇన్సూరెన్సు అనటం, వర్షాకాలంలో తప్ప మిగతా రోజుల్లో పనికొచ్చే గొడుగు అమ్మటం లాంటిది. మన డాక్టర్ల సంగతే చూడండి. ఎన్‌హెచ్‌ఎస్‌లో అయిదేళ్ళు సర్వీసు నిండినవారికి ఆరు నెలలు పూర్తి జీతం, ఆ పైన ఆరు నెలలు సగం జీతం జబ్బు సెలవులో వస్తాయి. అలాంటివాళ్ళకు ఈ పాలసీ అమ్మినవాడు ముందు అడగవలసిన ప్రశ్న, "మీకు ఉద్యోగం తరఫున ఏం వస్తుంది?" అని. ఆ ప్రశ్న ఎంతమందిని అడిగారో మన సీనియర్లను కదిపితే తెలుస్తుంది.

రెండో దోషం లెక్కలో ఉంది. నెలనెలా కట్టించుకోవటం ఒక పద్ధతి. మొత్తం ప్రీమియం ఒకేసారి అప్పులో కలిపి, దాని మీద కూడా వడ్డీ వెయ్యటం ఇంకో పద్ధతి. మన ఊళ్ళలో వడ్డీ వ్యాపారి మొదటి నెల వడ్డీ పట్టుకుని మిగతాది చేతిలో పెట్టేవాడని పెద్దలు చెప్పగా విన్నాం. ఇక్కడ వాళ్ళు అంతకన్నా ఒక ఆకు ఎక్కువే చదివారు. మీకు కనబడని డబ్బును మీ అప్పులో చేర్చి, దాన్ని ఇన్సూరెన్సు కింద కట్టేసుకుని, ఆ డబ్బుకూ మీ చేత వడ్డీ కట్టించారు.

దీని మీద పోరాటం చాలా కాలం నడిచింది. 2005 సెప్టెంబరులో సిటిజన్స్ అడ్వైస్ వారు ప్రభుత్వ సంస్థకు గట్టి ఫిర్యాదు పెట్టారు. 2009లో కాంపిటీషన్ కమిషన్ తన నివేదిక ఇచ్చింది. అప్పు ఇచ్చేటప్పుడే ఇన్సూరెన్సు అంటగట్టటం తరవాత నిషేధమైంది. ఫిర్యాదులను ఎలా పరిష్కరించాలో 2010 ఆగస్టులో ఫైనాన్షియల్ సర్వీసెస్ అథారిటీ నియమాలు పెడితే, బ్యాంకుల సంఘం హైకోర్టుకు వెళ్ళింది. 2011 ఏప్రిల్‌లో ఓడిపోయింది. ఆ తరవాత గేట్లు తెరుచుకున్నాయి. 2011 జనవరి నుంచి 2019 చివరి దాకా బ్యాంకులూ ఇతర కంపెనీలూ జనానికి వాపసు ఇచ్చిన మొత్తం 38.3 బిలియన్ పౌన్లు. ఫిర్యాదు చెయ్యటానికి చివరి తేదీ 2019 ఆగస్టు 29 అని నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ నిర్ణయించింది. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ బొమ్మ తల ఒకటి చేయించి టీవీలో "త్వరగా తేల్చుకోండి" అని అరిపించారు. ఆ ప్రకటన చూసి నవ్వుకున్నవాళ్ళే గాని, లేచి అటక మీది కాగితాలు దింపినవాళ్ళు మనలో ఎంతమంది?

ఇక్కడ ఒక సీనియర్ డాక్టరు గారి సంగతి చెప్పాలి. వారి అనుమతితో, పేరు లేకుండా రాస్తున్నాను. ఇద్దరు పిల్లలు, రెండు కార్ల అప్పులు, ఒక ఇంటి అప్పు, మూడింటికీ పీపీఐ. ఏడెనిమిదేళ్ళ కిందట ఉగాది భోజనాల దగ్గర ఈ మాట వస్తే వారు తేల్చేశారు.

"నాలుగు డబ్బుల కోసం బ్యాంకుతో తగువేమిటి బాబూ? రేపు పిల్లవాడి చదువుకి మళ్ళీ వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి గదా!"

పక్కనే పులిహోర వడ్డిస్తున్న వారి శ్రీమతి ఊరుకోలేదు. "మీ ఆస్పత్రిలో రోగి ఫిర్యాదు రాస్తే వాడికి వైద్యం మానేస్తారటండీ? ఇదీ అంతే" అన్నారు. ఆ వారమే ఆవిడ పాత కాగితాలు వెతికి, ఫిర్యాదు తానే రాసి, భర్త చేత సంతకం పెట్టించారు. మూడింటిలో రెండింటికి డబ్బు వాపసు వచ్చింది, వడ్డీతో సహా. మూడోదాన్ని కాదన్నారు. తరవాత ఆ బ్యాంకే వాళ్ళ అబ్బాయికి అప్పు ఇచ్చింది కూడా.

ఆవిడ మాటలో ఉన్న నిజం మనవాళ్ళు చాలామంది గ్రహించరు. ఈ దేశంలో ఫిర్యాదు చెయ్యటం తగువు పెట్టుకోవటం కాదు, అదొక కాగితపు పని. దాని వల్ల మీ క్రెడిట్ రికార్డు పాడవదు. వీసాకూ దానికీ సంబంధమే లేదు. మనం పరాయి దేశంలో ఉన్నాం, నోరు మూసుకుని ఉండటం మర్యాద అనుకుంటాం. ఆ మర్యాద ఖరీదు ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు.

ఇక కోర్టు సంగతి. దీన్ని కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ముందు ముందు మనకు పనికొచ్చేది ఇదే. 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టానికి 2006లో కొత్త సెక్షన్లు చేర్చారు. అవి 2007 ఏప్రిల్ 6 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం అప్పిచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య సంబంధం అన్యాయంగా ఉంటే కోర్టు దాన్ని సరిచెయ్యవచ్చు. కట్టిన డబ్బు వాపసు ఇప్పించవచ్చు, షరతులు మార్చవచ్చు. ఇందులో విశేషం ఒకటి ఉంది. అన్యాయం జరిగిందని అప్పు పుచ్చుకున్నవాడు అంటే చాలు, జరగలేదని రుజువు చేసుకోవలసిన భారం అప్పిచ్చినవాడి మీద పడుతుంది.

ఈ సెక్షన్ల బలం 2014 నవంబరు 12న సుప్రీం కోర్టు ఇచ్చిన ప్లెవిన్ తీర్పుతో అందరికీ తెలిసింది. 2006లో ఒక లెక్చరరు 34,000 పౌన్లు పదేళ్ళకు అప్పు తీసుకున్నారు. దానితో పాటు 5,780 పౌన్ల ప్రీమియంతో పీపీఐ. అప్పు పదేళ్ళు, ఇన్సూరెన్సు అయిదేళ్ళే. ఆ 5,780లో ఇన్సూరెన్సు కంపెనీకి చేరింది 1,630 పౌన్లు. మధ్యవర్తి 1,870 తీసుకున్నాడు. అప్పిచ్చిన కంపెనీ 2,280 ఉంచుకున్నది. అంటే నూటికి 71.8 వంతులు కమిషను. ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. అప్పటి ఇన్సూరెన్సు నియమాల ప్రకారం కమిషను ఎంతో చెప్పి తీరాలన్న రూలు లేదు. కంపెనీ వాదన కూడా అదే. రూలు లేకపోయినా సరే, అంత పెద్ద కమిషను దాచిపెడితే ఆ సంబంధం అన్యాయమైనదేనని సుప్రీం కోర్టు తేల్చింది. తన డబ్బులో మూడింట రెండు వంతులకు పైగా మధ్యలోనే పోతున్నదని తెలిస్తే ఏ మనిషైనా ఆగి ఆలోచిస్తాడు గదా, ఆ ఆలోచించే అవకాశం ఆవిడకు ఇవ్వలేదన్నది తీర్పు సారం.

డాక్టర్లకు ఇది ఎక్కడో విన్నట్టు అనిపించాలి. సరిగ్గా నాలుగు నెలలకు, 2015 మార్చిలో, అదే సుప్రీం కోర్టు మాంట్‌గోమరీ తీర్పు ఇచ్చింది. మధుమేహం ఉన్న ఒక తల్లికి మామూలు కాన్పులో బిడ్డ భుజాలు ఇరుక్కునే ప్రమాదం నూటికి తొమ్మిది పది వంతులు ఉన్నా డాక్టరు చెప్పలేదు. మిగతా డాక్టర్లు కూడా చెప్పరు అన్న సమాధానం చెల్లదని కోర్టు అన్నది. రోగి స్థానంలో ఉన్న మనిషికి ఏది ముఖ్యమో అది చెప్పాలి, నిర్ణయం రోగిది. ఒకటి కాన్పు గది, ఒకటి అప్పుల ఆఫీసు. రెండు చోట్లా ప్రశ్న ఒక్కటే. ఎదుటి మనిషికి తెలియవలసినది నీకు తెలిసి ఉండి, నువ్వు చెప్పావా లేదా? మనం సంతకం తీసుకునేటప్పుడు పాటించవలసిన నీతిని, మన చేత సంతకం తీసుకునేవాడి నుంచి కూడా ఆశించటంలో తప్పు లేదు.

ప్లెవిన్ తరవాత ఎఫ్‌సీఏ ఒక గీత గీసింది. కమిషను సగానికి మించితే, మించిన భాగం వాపసు ఇవ్వాలని. కోర్టులు ఆ గీతకు కట్టుబడి లేవు. ఇంకో కేసులో ప్రీమియం 3,834 పౌన్లు, అందులో ఇన్సూరెన్సు కంపెనీకి చేరింది 182 పౌన్ల చిల్లర. అప్పిచ్చిన కంపెనీ ఆ సంగతి కావాలని దాచిపెట్టింది గనక, దావా వెయ్యటానికి ఉన్న ఆరేళ్ళ గడువు ఆవిడ తెలుసుకోగలిగిన నాటి నుంచే లెక్క అని 2023 నవంబరులో సుప్రీం కోర్టు చెప్పింది. దానికి నెల ముందు, 2023 అక్టోబరులో, ఇంకో తీర్పు వచ్చింది. క్రెడిట్ కార్డు మీద పీపీఐ చెల్లింపులు 2006లోనే ఆగిపోయినా, కార్డు ఖాతా 2015లో ముగిస్తే, ఆరేళ్ళ గడువు ఖాతా ముగిసిన నాటి నుంచే మొదలవుతుందని.

రోగుల సంగతి కూడా ఒక ముక్క చెప్పనివ్వండి. 2019 వేసవిలో మా సర్జరీకి ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. గుర్తుపట్టకుండా వివరాలు మార్చి రాస్తున్నాను. అతనికి మందు అక్కరలేదు. తన పాత రికార్డులో మొదటిసారి నడుమునొప్పి అని ఏ తేదీన రాశారో ఆ కాగితం కావాలి. పీపీఐ అమ్మిన రోజుకు రెండేళ్ళ ముందే అతనికి ఆ నొప్పి ఉన్నది. ఉన్న జబ్బుకు రక్షణ లేని పాలసీని, జబ్బు ఉందా అని అడగకుండా అమ్మారు. ఏ నాటిదో ఒక డాక్టరు తొందరలో గిలికిన రెండు వాక్యాలు, తేదీతో సహా, అతనికి సాక్ష్యమయ్యాయి. మీ వైద్య రికార్డు నకలు మీరు ఉచితంగా అడిగి తీసుకోవచ్చు. ఆ రోజు నుంచి నేను నోట్సు రాసేటప్పుడు తేదీలు ఇంకొంచెం శ్రద్ధగా వేస్తున్నాను.

ఇప్పుడు ఆ సోదరి ప్రశ్నకు జవాబు. అమ్మా, చేదు మాట తీపి పూసి చెప్పటం మా వృత్తిలో మంచిది కాదు. బ్యాంకుకు మామూలు ఫిర్యాదు గడువు 2019 ఆగస్టుతో పోయింది. బహు కొద్ది ప్రత్యేక సందర్భాలకే మినహాయింపు. కోర్టు మార్గంలో, ఇంగ్లండు, వేల్సులలో, అప్పు ముగిసిన నాటి నుంచి ఆరేళ్ళు. మీది 2011లో తీరింది గనక 2017తో సరి. కమిషను దాచారన్న వాదన మిగిలి ఉన్నది గాని, ఈ సంగతి టీవీలోనూ పేపర్లలోనూ ఏళ్ళ తరబడి మోగింది. "మీరు ముందే తెలుసుకోగలిగేవారు గదా" అని ఎదుటివాళ్ళు అంటారు. ఈ ఒక్క కారు అప్పు మీద డబ్బు వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దనే నా సలహా. ఎవరైనా కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి "మేము ఇప్పిస్తాం, ముందు కొంత ఫీజు కట్టండి" అంటే వెంటనే ఫోన్ పెట్టెయ్యండి.

ఐతే అక్కడితో ఆగవద్దు. మూడు పనులు చెయ్యండి. మొదటిది, మీ ఇద్దరి పేర్ల మీద ఆ రోజుల నుంచి ఇంకా నడుస్తున్న, లేక గత ఆరేళ్ళలో మూసేసిన క్రెడిట్ కార్డుగాని అప్పుగాని ఉన్నదేమో చూడండి. ఉంటే పై 2023 అక్టోబరు తీర్పు మీకు పనికి రావచ్చు. కాగితాలు పోయినా ఫరవాలేదు. మీ గురించి తమ దగ్గరున్న సమాచారం అంతా ఇవ్వమని బ్యాంకుకు ఉత్తరం రాస్తే నెల లోపు ఉచితంగా ఇవ్వాలి. పదివేల పౌన్ల లోపు దావాలు మామూలుగా స్మాల్ క్లెయిమ్స్ పద్ధతిలో నడుస్తాయి గనక ఓడినా ఎదుటివాళ్ళ లాయరు ఖర్చు సాధారణంగా మీ నెత్తిన పడదు.

రెండోది, 2007 ఏప్రిల్ తరవాత ఫైనాన్సు మీద కొన్న కార్లన్నిటి జాబితా రాయండి. ఇది మనలో దాదాపు ప్రతి ఇంటికీ తగులుతుంది. ఉద్యోగం వచ్చిన మొదటి నెలలోనే, క్రెడిట్ రికార్డు కూడా లేని రోజుల్లో, షోరూములో కూర్చుని డీలరు చూపించిన చోటల్లా సంతకం పెట్టినవాళ్ళం మనం. డీలరుకు అప్పిచ్చే కంపెనీ నుంచి కమిషను ముడుతుందని, కొన్ని ఒప్పందాలలో వడ్డీ పెంచినకొద్దీ ఆ కమిషను పెరుగుతుందని మనకు తెలియదు. వడ్డీతో ముడిపెట్టిన ఆ రకం కమిషన్లను ఎఫ్‌సీఏ 2021 జనవరిలో నిషేధించింది. 2025 ఆగస్టు 1న సుప్రీం కోర్టు కారు అప్పులిచ్చిన కంపెనీల మీద వేసిన కేసులలో చాలా వాదనలను కొట్టేసింది. కాని ఒక ఫ్యాక్టరీ సూపర్‌వైజరు కేసులో మాత్రం, అప్పు ఖర్చులో నూటికి 55 వంతులు కమిషను దాచి తీసుకోవటం అన్యాయమైన సంబంధమేనని, ఆ 1,650 పౌన్ల చిల్లర వడ్డీతో వాపసు ఇవ్వాలని చెప్పింది. ప్లెవిన్ వేసిన దారి అక్కడిదాకా వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ఎఫ్‌సీఏ ఒక పరిహార పథకాన్ని ప్రతిపాదించింది. దాని వివరాలు ఎఫ్‌సీఏ వారి సొంత పేజీలలోనే చదవండి, మధ్యవర్తుల కరపత్రాలలో కాదు.

మూడోది, ఫిర్యాదు మీరే రాయండి. అప్పిచ్చిన కంపెనీకి ఒక పేజీ ఉత్తరం చాలు: ఏ తేదీ, ఏ కారు, కమిషను ఎంత అని. వాళ్ళ జవాబు నచ్చకపోతే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు, పైసా ఖర్చు లేదు. చివరి జవాబు వచ్చిన ఆరు నెలల లోపు వెళ్ళాలి. పీపీఐ రోజుల్లో ఇదే పని చేసిపెట్టి వచ్చినదాంట్లో నాలుగో వంతు, అంతకన్నా ఎక్కువ కూడా పట్టుకుపోయిన కంపెనీలు ఉండేవి. చివరికి 2018లో చట్టం చేసి 20 శాతానికి కట్టడి చెయ్యవలసి వచ్చింది. దొంగ కమిషను మీద పోరాడటానికి ఇంకొకడికి కమిషను ఇవ్వటం, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

డబ్బు వచ్చినవాళ్ళకు ఒక చిన్న గమనిక. అసలు మీద పన్ను లేదు గాని, దానితో ఇచ్చే వడ్డీ మీద ఉన్నది. ఇరవై శాతం కోసుకుని ఇస్తే, మీ ఆదాయాన్ని బట్టి కొంత వెనక్కి రావచ్చు, లేదా ఎక్కువ జీతం వాళ్ళు ఇంకొంత కట్టవలసి రావచ్చు. ఆ కాగితం పారెయ్యకండి.

చివరగా, కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ. ఏ అప్పు కాగితం మీదనైనా సంతకానికి ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇది తప్పనిసరా? నా ఉద్యోగానికీ నా జబ్బుకూ ఇది వర్తిస్తుందా? ఇందులో మీకెంత ముడుతుంది? మూడో ప్రశ్న అడగటానికి సిగ్గుపడవద్దు. ఆపరేషను ముందు రోగి "మీరు ఇలాంటివి ఎన్ని చేశారు?" అని అడిగితే మంచి సర్జను కోపం తెచ్చుకోడు గదా.

వచ్చే నెల, వాగ్దానం చేసినట్టే, చలికాలంలో విటమిన్ డి సంగతి. పరుపుల గురించి అడిగినవారికి విడిగా జవాబు రాస్తున్నాను.